ఎమర్జెన్సీ వానల్లో భుయ్యాడీహ్

మా చెల్లెలు పార్వతికి ఏడో నెల వచ్చింది. పురిటికి తీసుకురమ్మని అమ్మ నన్ను జంషెడ్‌పూర్ పంపింది. ఎమర్జెన్సీ పెట్టి అప్పటికి కొన్నాళ్లే అయింది. ఆమదాలవలసలో సాయంత్రం మెయిలెక్కి, తెల్లారి ఖరగ్‌పూర్‌లో దిగి టీ తాగి టాటానగర్ ప్యాసింజరు పట్టుకున్నాను. బండెక్కినప్పటినుంచీ వానే. స్టేషన్లో కొన్న పేపర్లో ఒక మూల అచ్చు లేకుండా తెల్లగా వదిలేశారు. జంషెడ్‌పూర్‌లోనే పర్సుడీహ్‌లో కిరాణా కొట్టు నడిపే మనవాడొకాయన పక్కనే కూర్చుని అది చూశాడు.

"రాయనియ్యట్లేదంట బాబూ. ఇక్కడ మాటాడినోల్లని మాటాడినట్టే ఎత్తుకుపోతన్నారు" అని గొంతు తగ్గించి చెప్పాడు.

పార్వతి భర్త, మా బావ అప్పల్నాయుడు గుర్తొచ్చాడు. జంషెడ్‌పూర్ పక్కన గమ్హరియాలో, ఇనుము పోతపోసే ఒక ఫౌండ్రీలో కాంట్రాక్టు కూలీ. కూలీ రేటు పెంచమని గేటు ముందు నలుగురినీ కూడదీసి మాట్లాడేవాడు.

మధ్యాహ్నానికి జంషెడ్‌పూర్ స్టేషనైన టాటానగర్‌లో దిగాను. ఆ వానలో, పార్వతి వాళ్లుండే భుయ్యాడీహ్ బస్తీకి రామన్నారు రిక్షావాళ్లు. ఒకడు మాత్రం సాక్చీ బజారు దాకా తెచ్చి దింపాడు. అక్కణ్ణుంచి నడిచాను. సువర్ణరేఖ నది గట్టు దాటి బస్తీలోకి వచ్చేసింది. పార్వతి వాళ్ల వీధివాళ్లంతా మెరకనున్న బడిలో చేరారు. వరండాలో రత్నమ్మ టీచరు కిచిడీ వండిస్తోంది. కాకినాడ వైపు క్రైస్తవుల ఆడపడుచు, ఆ బడిలోనే పాఠాలు చెబుతుంది. పార్వతి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"ఇంత వానలో వొచ్చినావేటన్నియ్యా" అంది. "ఆయన నీల్లలో ఉన్నాడు. పొద్దున్నుంచీ మనుషుల్ని మోత్తన్నాడు."

బడి గేటు స్తంభానికి ఒక తాడు కట్టి, రెండో కొస నడుముకి చుట్టుకుని మా బావ ఛాతీలోతు నీళ్లలో ఇళ్ల దగ్గరికి వెళ్లి వస్తున్నాడు. నేనూ వెళ్లి తాడు పట్టుకున్నాను. లోపల రేడియోలో వార్తలొస్తున్నాయి. దేశమంతా ప్రశాంతంగా ఉందని చెప్పారు. నది గురించి ఏమైనా చెబుతారేమోనని ఎదురుచూశాం. చెప్పలేదు.

బావ ఒక ముసలమ్మని భుజాన వేసుకుని వచ్చేసరికి గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది. ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు దిగారు. అప్పల్నాయుడెవరని ఎస్సై హిందీలో అడిగాడు. బావ ముసలమ్మని మెట్ల మీద దింపి, "నేనే" అన్నాడు.

రత్నమ్మ టీచరు గరిటె పక్కన పెట్టి వచ్చింది. "ఇంకా ఒక ముసలాయన, ఆయన మనవరాలు ఇంటి పెంకుల మీదున్నారు. ఈ నీళ్లకి అలవాటైనవాడు ఇతనొక్కడే" అని హిందీలో చెప్పింది. ఎస్సై నీళ్లవైపు కాసేపు చూశాడు. వాళ్లని తీసుకురమ్మన్నట్టు బావకి చెయ్యి ఊపాడు.

తాడు బిగిస్తూ బావ చెవిలో అన్నాను: "బావా, అటునుంచటే ఎల్లిపో. నీకు ఈతొచ్చు."

"నానెల్లిపోతే ఆ పెంకుల మీదోల్లేటవుతారు బావా?" అన్నాడు.

వెళ్లాడు. వాన తెరలో కనబడకుండా పోయాడు. తాడు నా చేతుల్లో కొంచెం కొంచెంగా జారుతూ పోయి ఆగింది. అతను తిరిగి రాకూడదని మనసు కోరుకుంటోంది. చేతులు మాత్రం లాగడానికి కాచుకుని ఉన్నాయి. చాలాసేపటికి తాడు కదిలింది. మనవరాలిని మెడ మీద కూర్చోబెట్టుకుని, ముసలాయన్ని చంకకింద పట్టుకుని వస్తున్నాడు.

పార్వతి మూటలోంచి పొడి చొక్కా తీసి ఇచ్చింది. వణుకుతూ తొడుక్కున్నాడు. రత్నమ్మ టీచరు కిచిడీ పళ్లెం అందించింది. తినేదాకా ఎస్సై గేటు బయట వానలో నిలబడ్డాడు. తర్వాత జీపెక్కించుకుపోయాడు.

నీళ్లు తీశాక జైలుకి వెళ్లాం. లోపలికి వెళ్లనివ్వలేదు గానీ గేటు ఊచల దగ్గర కాసేపు మాట్లాడనిచ్చారు. ఆయన్ని వదిలి రానని పార్వతి మొండికేసింది. "నువ్విక్కడుంటే నాకు నిద్దరట్టదు. మీయమ్మ కాడికెల్లు" అన్నాడు బావ. అప్పటికి గానీ ఒప్పుకోలేదు. డెబ్భై ఏడు ఎన్నికల ముందు అతన్ని వదిలేనాటికి, ఆ కాన్పులో పుట్టిన నా మేనకోడలు నడుస్తోంది.

జైలుకి వెళ్లొచ్చిన మర్నాడు పార్వతీ నేనూ టాటానగర్‌లో రైలెక్కి, ఖరగ్‌పూర్‌లో మద్రాసు మెయిలుకి మారాం. బరంపురం దాటాక, కోటు వేసుకున్న ఎదుటి సీటాయన గడియారం చూసుకుని, "ఈ మధ్య బళ్లన్నీ టైముకొస్తున్నాయండీ. ఎవరేమన్నా ఎమర్జెన్సీ మేలే చేసింది" అన్నాడు.

పార్వతి కిటికీ దగ్గరనుంచి ముఖం తిప్పింది. "మా ఆయన్ని ఎప్పుడొదుల్తారో ఆ టైము కూడా సెప్తే బాగున్ను, బాబూ" అంది.

ఆయన నావైపు చూశాడు. జరిగింది చెప్పాను. ఆయన లేచి తన సీటు ఖాళీ చేసి, "అమ్మా, కాళ్లు చాపుకో" అని, ఆమదాలవలస దాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

జంషెడ్‌పూర్‌లో చూడదగ్గ తోటలున్నాయని, సాయంత్రాలు కొలిమి మంటలకి ఆకాశం ఎర్రబడుతుందని వెళ్లొచ్చినవాళ్లు చెబుతారు. నేను అవేవీ చూడలేదు. పారిపోగలిగీ నీళ్లలోంచి తిరిగొచ్చిన మనిషిని చూసి వచ్చాను.