నాగవేణి దాచుకున్న ఊ

నాగవేణి హోసూరు దగ్గర తళిలో గులాబీలు కట్టలు కట్టే మనిషి. పూలు పెంచే పాలీహౌస్ పక్కన షెడ్డులో పొద్దుటి నుంచి నిలబడి, ఇరవై పూలకొక కట్ట బిగిస్తుంది. రేకు నలిగిన పువ్వు ఒక్కటి కట్టలోకి పోయిందని తెలిస్తే ఆ పూట ఆమెకు అన్నం సయించదు. హోసూరులో నా కంప్యూటర్ షాపుకు వచ్చేవాళ్ళలో అంత చాదస్తపు మనిషిని నేను చూడలేదు. అంత మర్యాదస్తురాలినీ చూడలేదు.

ఆమె మొగుడు మాదేశ్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. మాటల్లో పొదుపరి. ఆమె గంటసేపు మాట్లాడితే ఆయన ఊ కొట్టేవాడు, అంతే. రెండేళ్ళ కిందట బండి మీద ఇంటికొస్తూ లారీ తగిలి పోయాడు. ఆమె ఫోను ప్రతి కాల్‌నూ దానంతటదే రికార్డు చేసేది. అలా ఆరువందల పన్నెండు కాల్స్ మిగిలాయి. మాటలన్నీ ఆమెవి, ఊలన్నీ ఆయనవి.

లారీ తగిలిన పూట ఆమె చేసిన చివరి కాల్‌లో మాత్రం ఊ లేదు. ఆయన హెల్మెట్ లోపల పెట్టుకున్న ఇయర్‌ఫోన్ దానంతటదే కాల్ ఎత్తేది. గ్యాస్ బుక్ చేశావా అని ఆమె మూడుసార్లు అడిగింది. జవాబు రాలేదు. "నోరు పడిపోయిందా నీకు?" అని కసిరి పెట్టేసింది. అప్పటికే ప్రాణం పోయింది, నీ తిట్టు వినలేదులే అని అందరూ చెప్పారు. ఆ ఒక్క మాటను పట్టుకునే ఆమె రెండేళ్ళు నెట్టుకొచ్చింది.

ఈమధ్య ఆ ఫోను పాడయ్యేలా ఉందని పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కుంది. కాల్స్ అందులోకి ఎక్కించి, చోటు పట్టకుండా కుదించి, తన అక్క కూతురు చైత్ర వినకుండా తాళం వెయ్యమంది. మొదట నేను తీసిన ప్రోగ్రాములో నల్ల తెర మీద ఏదేదో టైపు చెయ్యాలి. ఆమె మొహం తిప్పేసుకుంది, బటన్లున్నది కావాలంది. రెండు రోజులు వెతికి, నాలుగైదు ఎక్కించి తీసేసి, చివరికి ఉచితంగా దొరికేది ఒకటి పట్టాను. కుదించడానికి ఒక బటన్, పాస్‌వర్డుకు ఒక గడి.

కుదించడం అనగానే మళ్ళీ బెదిరింది.

"బిగిస్తే రేకు నలుగుతుందప్పా. ఆయప్ప ఊ శానా చిన్నది."

ఒక్క ఊ కూడా పోదని, విప్పితే ఉన్నది ఉన్నట్టే వస్తుందని ఒట్టేశాను. పాస్‌వర్డు దగ్గర నన్ను అటు తిరగమంది. మొగుడి పేరు ఏనాడూ నోటితో పలకని మనిషి. వెనక, ఇంగ్లీషులో మాదేశ్‌కు సరిపడా, ఆరు మీటల చప్పుడు వినబడింది.

నమ్మకం కుదరాలని ఆమె ఎదుటే విప్పాను. చివరి కాల్ పెట్టమంది. గ్యాస్ బుక్ చేశావా, మూడుసార్లు. నోరు పడిపోయిందా నీకు. ఆ తర్వాత, కాల్ కట్ అయ్యేలోపల, మెల్లగా ఒక ఊ.

ఫోనులోని ఫైలునూ విప్పిన ఫైలునూ పక్కపక్కన పెట్టి చూశాను. సైజు చివరి అంకె దాకా ఒక్కటే. సరిచూసే బటన్ నొక్కితే ఏ తప్పూ లేదంది. ఫోను స్పీకరులో ఇన్నాళ్ళూ వినబడి ఉండదమ్మా అనబోయి నాలుక కరుచుకున్నాను. అదే నిజమైతే ఆ ఊ మొదటి నుంచీ ఉంది. నిజం కాకపోతే ఇప్పుడొచ్చింది. రెండింట్లో ఏది చెప్పడానికీ నాకు ధైర్యం లేక, లైను గరగరలే అన్నాను.

"గరగర కాదు. ఆయప్ప ఉన్నాడు, ఊ అన్నాడు. నేనే పెట్టేసినాను," అంది నాగవేణి.

ఏడవలేదు. విప్పినవన్నీ, ఫోనులో ఉన్నవి కూడా, నా చేతనే చెరిపించింది.

"మళ్ళా తాళం వెయ్యప్పా. ఈసారి పాస్‌వర్డు నువ్వు పెట్టు. నేనడిగినా చెప్పొద్దు."

ఆమె పాస్‌వర్డు తీయించి నాది పెట్టాను. ఆమె కంప్యూటర్ని ఆటోలో ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

నెల దాటింది, అడగడానికి రాలేదు. ఆ పాస్‌వర్డు మరిచిపోదామని నేనూ చూస్తున్నాను. షాపులో ఒక్కణ్ణే ఉండి ఏదైనా పైకి అనుకుంటే మాత్రం, అన్నాక ఒక ఊ కోసం కాసేపు ఆగుతున్నాను.