స్టార్టర్ బటన్‌తో బేస్‌బాల్

పక్షవాతం వచ్చి తగ్గాక మా బాపు కుడిచేతి వేళ్లు మొరాయించాయి. ఒత్తుతూ ఉండమని డాక్టర్ ఇచ్చిన రబ్బరు బంతిని, "నేనేమన్న పసిపోరన్నా?" అంటూ మంచం కిందికి విసిరేశాడు. విసిరింది కూడా ఎడమ చేత్తోనే. ఇలాగే వదిలేస్తే ఆ కుడిచెయ్యి ఇక పనికిరాదని డాక్టర్ చెప్పినప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది.

సుల్తానాబాద్‌లో మా ఇంటి ముందు గదిలోనే మిక్సీలు, ఇన్వర్టర్లు బాగుచేస్తాను. దేన్నైనా విప్పి చూడందే నాకు తోచదు. అందుకే బాపు వేళ్లకు పని పెట్టేలా, బల్ల మీద ఆడే బేస్‌బాల్ చేద్దామనుకున్నాను. క్రికెట్ అయితే బంతి బంతికీ వంకలు పెడతాడు. ఈ ఆట మా ఇంట్లో ఎవరికీ రాదు కాబట్టి ఇద్దరం ఒకటో తరగతే.

మైదానం ప్లైవుడ్, బంతి సైకిల్ బేరింగు గుండు. పాత కాలింగ్ బెల్ విప్పితే లోపల తీగ చుట్ట, దాంట్లోంచి ఎగిరే ఇనుప కడ్డీ కనిపించాయి. కరెంటిస్తే ఎగిరి గంటను కొట్టే కడ్డీ, బ్యాటును ఎందుకు తన్నదు? చుట్టను బ్యాటరీకి సరిపడేలా మళ్లీ చుట్టాను. తన్నింది! తన్నినప్పుడల్లా మోగేలా గంటను కూడా ఉండనిచ్చాను. అసలు ఆటలో బంతి గాల్లో వస్తుందట, మాది దొర్లుకుంటూ వచ్చేది. అడిగేవాళ్లెవరు?

బాపు వేలు ఆనిస్తే చాలు పనిచేసేలా టచ్ స్విచ్ పెట్టి మురిసిపోయాను. నేను బంతి వదిలాను, ఆయన వేలు ఆనించాడు, టంగుమంది. నాలుగు బంతులకే మొహం తిప్పుకున్నాడు.

"గిది నేను కొట్టుడా, మిషిన్ కొట్టుడా? మన బాయికాడి మోటరు స్టార్టరుకుంటది సూడు, గా పచ్చ బటన్ పెట్టు బిడ్డా."

"అది గట్టిగుంటది బాపూ. నీ వేళ్లతోని కాదు."

"కాకపోతె ఔటైత. నీకేం ఫికరు?"

నాకు ఒళ్లు మండింది. మొండివాడు రాజు కన్నా బలవంతుడు కదా, పాత స్టార్టరు విప్పి ఆ బటనే బిగించాను. ఇక బంతి వచ్చేది, ఎంత ఒత్తినా బటన్ దిగేది కాదు, బంతి దాటిపోయేది. స్ప్రింగు కొంచెం వదులు చేస్తానంటే "ముట్టకు" అని కసిరేవాడు.

ఒక మధ్యాహ్నం వంటింట్లో ఉండగా టంగుమని వినిపించింది. ఎడమ చేత్తో నొక్కి ఉంటాడు, దొంగ, అనుకుంటూ వచ్చి చూశాను. పచ్చ బటన్ మీద కుడి బొటనవేలు ఉంది. ఎడమచెయ్యి అడ్డం రాకుండా దాన్ని తొడ కింద పెట్టుకుని, దాని మీదే కూర్చున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏం జూస్తున్నవ్?" అన్నాడు బాపు. "జర బాల్ ఇడువు."