సలుపుకు హిందీ మాట

బెంగాల్లోని ఖరగ్‌పూర్ వెళ్లినప్పుడు అక్కడి రైల్వే తెలుగువాళ్ల మాట విని, వాళ్ల తెలుగు పాడైపోయిందని ఊరొచ్చాక అందరితో చెప్పి నవ్వాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అక్కడి న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ టీ కొట్టులో ఒక రిటైర్డ్ రైల్వే ఫిట్టరు నా తెలుగు విని దగ్గరికొచ్చారు.

"బావూ, సదువుకున్నోడివి. కాలు సలుపుతంది. సలుపుని హిందీలో ఏటంటారు? దర్దంటే డాక్టరు నొప్పి బిళ్లలే ఇస్తన్నాడు."

"రెండూ ఒకటే కదండీ."

"ఒకటెలాగవుద్ది? దెబ్బ తగిలితే నొప్పి. లోపల్నుంచి తోడేస్తే సలుపు. ఆస్పత్రిలో మన తెలుగు నర్సమ్మ ఉండీది, ఆవిడకి సెప్తే తెలిసీది. ఆవిడ రిటైరై ఊరెళిపోనాది, నాను ఉండిపోనాను. నువ్వొకసారి ఆస్పత్రికొచ్చి సెప్పు."

రైలుకు టైమైందని లేచాను. ఇంకా రెండు గంటలుంది. ఆ మాటకు హిందీ నాకూ తెలియదు.

ఇప్పుడు నా మోకాలు సలుపుతోంది. మా డాక్టరు తెలుగువాడే. నిన్న ఆయనకు 'పెయిన్' అని చెప్పి వచ్చాను.