ఒక దెబ్బ ఎక్కువ పడిన పాట

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మా ఇంట్లో పలక మూడేళ్ళు గోడకు వేలాడింది. డప్పునే మా సీమలో పలక అంటాం. ఆ మూడేళ్ళలో దాని తోలు వదులైంది, అంచును ఎలుక కొరికింది, నా చేతులకు వణుకు పట్టింది. పొద్దున లేచి తాగితే తప్ప గ్లాసు నీళ్ళు కూడా ఒలకకుండా పట్టుకోలేని చేతులవి! శింగనమల రోడ్డు మీద పోయే బస్సుల్లో మా జట్టు పాటలు మోగేవి, మా అక్క గొంతు వినిపించేది, వాటిలో నా దెబ్బ మాత్రం ఉండేది కాదు, నేను చెవులు మూసుకుని మళ్ళీ తాగడానికి పోయేవాణ్ణి. అట్లాంటి ఈ ఏసోబును ఈ రోజు మీ మధ్య నిలబెట్టిన దేవునికే మహిమ!

మా జట్టులో నలుగురమే. మా అక్క మార్తమ్మ పాడేది. ఆమె భర్త, దావీదు బావ, పాటలు కట్టి హార్మోనియం వాయించేవాడు. నా భార్య సుగుణమ్మ తాళాలు వేసేది. పలక నాది. మా నాయన దాన్ని ఊళ్ళో జాతరలకూ చావులకూ వాయించాడు. నేను మందిరంలో వాయించాను. తొంభైల చివరి రోజులవి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కరువు రోజులే ఎందుకో తియ్యగా ఉంటాయి!

ఒక ఏడు వేరుశనగ పూత మీద ఉండగా వాన ఎత్తిపోయింది. అక్క ఎండిన చెట్లు పీకుతుంటే గట్టు మీద పోయే ఒకామె ఆగి ఎగతాళి చేసింది.

"ఏమ్మే మార్తమ్మా, ఆదివారమంతా గొంతు చించుకుంటిరి గదా, యాడ ఉండాడు మీ దేవుడు?"

"యాడికీ పోలేదు వదినా," అంది అక్క నడుము ఎత్తకుండానే, "ఈడనే ఉండాడు. నాతోపాటు చెట్లు పీకుతాండాడు."

బావ ఆ మాటనే పాటగా కట్టాడు. అది పాడితే మందిరంలో చదువురాని ముసలమ్మలు కూడా మాతో గొంతు కలిపేవాళ్ళు.

మా మొదటి క్యాసెట్టు ఆ మందిరంలోనే, అడిగి తెచ్చుకున్న టేపురికార్డరులో తయారైంది. కిటికీలకు కంబళ్ళు కట్టాం, చప్పుడు వస్తుందని ఫ్యాను ఆపేశాం. అక్క టేపురికార్డరుకు దగ్గరగా కూర్చుంది, పలక ఆమె గొంతును మింగేస్తుందని నన్ను వాకిలి దగ్గర నిలబెట్టారు. నేను పెరట్లో వేరుశనగ పొట్టు మంట వేసి, తోలు బిగిసేలా పలక కాచి, వేలితో కొట్టి చూసి, గంగుమని మోగగానే లోపలికి పరుగెత్తాలి, తోలు చల్లారేలోపు పాట అయిపోవాలి, నడుమ రోడ్డు మీద బస్సు హారను కొడితే మళ్ళీ మొదటినుంచి! ఎంత నవ్వుకున్నామో ఆ రోజు.

చివరి పాట 'ఈడనే ఉండాడు'. ఆ మాట మీద అందరం ఒక్కసారి ఆగాలి. అందరూ ఆగారు. కళ్ళు మూసుకుని వాయిస్తున్న నేను ఒక దెబ్బ ఎక్కువ వేశాను. అంతలోనే టేపు అయిపోయి బటను టక్కున పైకి లేచింది.

"ఏమప్పా ఏసోబూ," అన్నాడు బావ, "పాట అయిపోయిందని నీకు జాబు రాయల్నా?"

మళ్ళీ చేయడానికి ఇంకో క్యాసెట్టు లేదు. ఆ తప్పు దెబ్బతోనే నకళ్ళు తీశాం. అవి నల్లమాడ దాకా, బెళుగుప్ప దాకా పోయాయి. ఎక్కడ విన్నా ఆ దెబ్బ దగ్గరికి వచ్చేసరికి నాకు సిగ్గుతో తల వంగిపోయేది.

రెండు వేల సంవత్సరం దాటాక టౌనులో ఒక స్టూడియోకు పోయాం. అక్కడ పాడేవాళ్ళు ఒక గదిలో, వాయించేవాళ్ళు ఒక గదిలో, ఎవరిది వాళ్ళు విడిగా రికార్డు చేయాలట. ఏసీ చల్లదనానికి నా పలక తడిగుడ్డలా మెత్తబడింది. నాకు తెలిసింది ఒకటే. సంచిలో తెచ్చుకున్న పొట్టును మెట్ల కింద ఇనుప బొచ్చెలో పోసి అంటించాను. సహోదరులారా, ఆ పొగకు పై అంతస్తులో వాళ్ళంతా దగ్గుకుంటూ కిందికి పరుగెత్తారు!

"ఏమయ్యా, స్టూడియో తగలబెడతావా?" అని ఆ రికార్డింగాయన బొచ్చె మీద బకెట్టుతో నీళ్ళు కుమ్మరించాడు. "నీ డప్పు వద్దులే, కీబోర్డులోనే డప్పు ఉంది" అని ఒక బటను నొక్కి చూపించాడు. తర్వాత బావతో, "ఈడనే ఉండాడు అంటే మిగతా జిల్లాల వాళ్ళు నవ్వుతారు, ఇక్కడే ఉన్నాడు అని పాడండి" అన్నాడు. బావ నా వైపు చూసి, తల దించుకుని, "సరే సార్" అన్నాడు.

నిజం చెప్పాలి. ఆ క్యాసెట్టు బాగుంది. అక్క గొంతు అంత నిండుగా అంతకుముందు ఎప్పుడూ వినపడలేదు. నన్ను పడగొట్టింది కీబోర్డు కాదు, నా గర్వం. దేవుని కోసం వాయిస్తున్నానని మూడూళ్ళలో సాక్ష్యం చెప్పినవాణ్ణి, నా దెబ్బ వినపడకపోయేసరికి మందిరం గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. అలా మొదలైన తాగుడు మూడేళ్ళకు నన్ను రక్తం కక్కించి అనంతపురం పెద్దాసుపత్రి మంచం మీద పడేసింది.

ఇంకొకసారి తాగితే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. సుగుణమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "ఈసారి తాగితే నేను ఏడ్చను. నా కండ్లల్లో నీళ్ళు అయిపోయినాయి" అంది. అంతటి మాట విన్నాక కూడా, ఆ మధ్యాహ్నం ఆమె అన్నం తేవడానికి బయటికి పోగానే నేను చెప్పులు తొడుక్కున్నాను! గేటు ఎదురుగానే బ్రాందీ దుకాణం ఉంది. చేతులు దానికోసమే వణుకుతున్నాయి.

అప్పుడు పక్క మంచం దగ్గర మొగుడికి విసనకర్రతో విసురుతున్న ముసలమ్మ సన్నగా పాట తీసింది. "ఈడనే ఉండాడూ..." అని ఆగింది. ఆగి, చేతి కడియంతో మంచం కోడు మీద ఒక్క దెబ్బ కొట్టింది.

నేను వెనక్కి తిరిగాను.

"అవ్వా, ఆ పాట యాడ నేర్చుకుంటివి?"

"మాది బెళుగుప్ప పక్కన నాయనా. పక్కింటోళ్ళు టేపులో ఏస్తాండ్రి. గొర్లు తోలుకుంటా నేనూ పాడుకుంటాంటి."

"ఆఖర్న మంచాన్ని కొడితివే, అదెందుకు?"

ఆమె నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "అది లేకుంటే పాటెట్లయితాదప్పా? అందరూ నోరు మూసినాంక ఎవరో వచ్చి వాకిలి తట్టినట్ల ఒక దెబ్బ పడతాది. దానికోసరమే గదా నేను పాటంతా పాడేది!"

సహోదరులారా, తలుపు దగ్గర నిలబడి తట్టేవాడు ప్రభువేనని చిన్నప్పటినుంచి బైబిల్లో చదువుకున్నవాణ్ణి నేను. ఆ మాట ఏ బోధకుడి నోటా కాక, గొర్రెలు కాచుకునే ఆ అవ్వ నోట విన్నాను! చెప్పులు విడిచి నా మంచం మీదే కూలబడ్డాను. "ప్రభువా, నేను సిగ్గుపడిన దెబ్బను కూడా నీవు పారవేయలేదే! నా దెబ్బ వినపడలేదని నేను నిన్ను విడిచాను, నా తప్పుతోనే నీవు నన్ను తట్టావు. ఈ చేతులు నీవే పట్టుకో" అని ఏడ్చాను. అన్నం గిన్నెతో వచ్చిన సుగుణమ్మ మంచం కింద చెప్పులు చూసింది, నా ముఖం చూసింది, గిన్నె పక్కన పెట్టి నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. తన కళ్ళల్లో నీళ్ళు అయిపోలేదని అప్పుడు తెలిసింది!

వణుకు ఒక్క రోజులో పోలేదు. ఎన్నో వారాలు ఆమే నా చేతులు పట్టుకుని ప్రార్థన చేసింది. కానీ ఆ మధ్యాహ్నం తర్వాత నేను మళ్ళీ తాగలేదు. దేవునికి స్తోత్రం!

ఇంటికి వచ్చాక బావ తనంతట తానే వచ్చి గోడ మీది పలక దించాడు. అవ్వ సంగతి వింటూ దాని దుమ్ము తుడిచాడు. "మనం మాట మార్చుకుంటిమి, ఆయమ్మ మార్చుకోలేదు" అన్నాడు. తర్వాత, "లెయ్ అప్పా, కొత్త తోలు ఎయ్యాల" అన్నాడు.

ఆ పాటను పాత మాటతోనే మళ్ళీ మా మందిరంలో రికార్డు చేశాం. ఈసారి కంప్యూటరు వచ్చింది, కీబోర్డు కూడా ఉంది, అక్క గొంతు కింద అది మెత్తగా పరుచుకుంటుంది, అది ఉండాలని నేనే అడిగాను. కిటికీలకు మళ్ళీ కంబళ్ళు, పెరట్లో పొట్టు మంట, వాకిలి దగ్గర నేను. రికార్డు చేసే సహోదరుడు విని, "చివర్లో ఒక దెబ్బ తప్పు పడింది, కత్తిరించేస్తాను" అన్నాడు. ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పని మా అక్క లేచి నిలబడింది.

"దాన్ని ముట్టుకోవద్దు నాయనా. మా తమ్ముడు దాన్లోనే ఉండాడు."

ఇదే నా సాక్ష్యం. మీలో ఎవరైనా నాలాగా చెప్పులు తొడుక్కుని కూర్చుని ఉంటే, మీ బతుకు పాట అయిపోయిందని అనుకుంటుంటే, యాడ ఉండాడు నీ దేవుడు అని ఎవరైనా మిమ్మల్ని అడుగుతుంటే, కాసేపు ఆగి వినండి. అందరూ ఊరుకున్నాక ఒక దెబ్బ పడుతుంది. భయపడకండి, లేచి వాకిలి తీయండి. ఈడనే ఉండాడు!