రాజగోపాల్ నేర్పని మాట

కాటన్‌పేటలో ఎవరినడిగినా రాజగోపాల్‌ని ఎమ్మెల్యే పీఏ అంటారు. అది సగమే నిజం. ఎమ్మెల్యే నంజప్ప ఉత్తరాలూ ఫైళ్ళూ చూసే పీఏ వేరే ఉన్నాడు. రాజగోపాల్ చూసుకునేది ఆయన నోటిని.

నంజప్పది ఆంధ్రా సరిహద్దు తాలూకా. అక్కడ పాలు పితికేదీ, పంచాయితీ చెప్పేదీ, ఓట్లడిగేదీ తెలుగులోనే. అసెంబ్లీలో మాత్రం కన్నడం కావాలి. ఆయనకు కన్నడం రాక కాదు. వస్తుంది, కోపం రాగానే పోతుంది. రోజూ కోపం వస్తుంది కాబట్టి రాజగోపాల్‌కి రోజూ పని ఉంటుంది.

అంతకుముందు రాజగోపాల్ నాన్నగారి దారాల దుకాణంలో కూర్చునేవాడు. వ్యాపారం తప్ప అన్నీ చేశాడు. కొనడానికి వచ్చినవాడితో కన్నడంలో వాదించి, తమిళంలో నవ్వించి, తెలుగులో టీ తాగించి, ఉత్త చేతులతో పంపేవాడు. “నీ నోటికి ఈ దుకాణం చిన్నదైపోయింది, పో అప్పా,” అని నాన్నే దండం పెట్టాడు. ఆ నోటితోనే ఒక పెళ్ళిలో, మైకు ముందు తడబడుతున్న నంజప్పకు పక్కనుంచి సరైన కన్నడం మాట అందించాడు. ఆనాటినుంచీ ఆయన వెంటే.

నంజప్ప పాతకాలం మనిషి. దాచుకోడు కూడా. ఊరి గుళ్ళో దీపం ఆరకూడదు, పూజారికి జీతం అందాలి, ఆవులకు కొట్టాలు కావాలి, ఫ్యాక్టరీల పేరు చెప్పి సేద్యపు భూమి లాక్కోకూడదు, పల్లెలో బ్రాందీ షాపు ఉండకూడదు. ఆడపిల్ల జీన్స్ వేసుకుంటే మొహం అటు తిప్పుకుంటాడు. అదే పిల్ల బస్సెక్కడానికి భయపడుతోందంటే మాత్రం కలెక్టరు ఆఫీసు ముందు చాప వేసుకుని కూర్చుంటాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా పడతాయో రాజగోపాల్‌కి మొదట్లో అర్థం కాలేదు. తర్వాత అర్థం చేసుకోవడం మానేశాడు.

ఈసారి సమావేశాల్లో నంజప్పకు జీరో అవర్లో మాట్లాడే అవకాశం దొరికింది. ఒకే ఒక్క విషయం, అదీ గబగబా. ఆవుల కొట్టాలు ఎత్తుతానన్నాడు.

“ఆవులు ఇంకోసారికి ఆగుతాయి సార్,” అన్నాడు రాజగోపాల్. “బ్రాందీ షాపు ఆగదు.”

ఆ తొందర ఇంటి తొందర. రాజగోపాల్ చెల్లెలు శైలజను ఇచ్చింది ఆ తాలూకాకే. వాళ్ళ ఊరి బస్టాండును ఆనుకుని బ్రాందీ షాపు రాబోతోంది. షట్టరు బిగించారు, బోర్డు రాయిస్తున్నారు. శైలజ కూతురు హర్షిత కాలేజీ బస్సు ఎక్కేది అక్కడే. షాపు తెరిచిన రోజే పిల్ల కాలేజీ బంద్ అని శైలజ మొగుడు తేల్చేశాడు.

“మీ సారు మా పిల్లల బట్టలు చూసేది మాని ఆ షాపును చూస్తే పుణ్యముంటాది,” అని శైలజ ఫోన్లో దులిపేసింది. “నువ్వు అసెంబ్లీలో ఉండి ఏం లాభమన్నా?”

“నేను అసెంబ్లీలో యాడుండానే? గ్యాలరీలో ఉండా.”

“అయితే ఆన్నించే అరువు.”

బట్టల సంగతి మింగేసి మిగతాది నంజప్పకు చెప్పాడు. ఆయన మీసం దువ్వుకుని, “సరే, ఆవులు ఆగనీ,” అన్నాడు.

సభలో మాట్లాడాల్సిన రోజు పొద్దున ఎమ్మెల్యేల హాస్టల్ క్యాంటీన్లో ఇడ్లీలు తింటూ ఇద్దరూ రిహార్సల్ మొదలుపెట్టారు.

“అన్నీ రూల్స్ ప్రకారమే ఉండాయంటాడు మంత్రి. బడికి ఇంత దూరం, గుడికి ఇంత దూరం, బస్టాండు మాట రూల్లో లేదంటాడు. అప్పుడు మీరేమంటారు సార్?”

“నీ మొగం అంటా.”

“ఇదు బరీ నెప, అనాల.”

“నెప అంటే?”

“తప్పించుకునేదానికి చెప్పే మాట సార్.”

“సాకులా! వానికి సిగ్గుండాల,” అన్నాడు నంజప్ప.

సరిగ్గా అప్పుడే సర్వర్ శరణప్ప సాంబారు బకెట్టుతో మీదికి వంగాడు. రాజగోపాల్ ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టి, “సాకప్పా, సాకు,” అన్నాడు.

ఒకే బల్ల దగ్గర ఒకే మాట రెండు అర్థాలతో దొర్లిపోయింది. ఇద్దరూ గమనించలేదు.

గ్యాలరీలో మాట్లాడకూడదు, లేవకూడదు, సైగ చెయ్యకూడదు. రాజగోపాల్‌కి అది జైలే. కానీ ఆ రోజు నంజప్ప బాగా మాట్లాడాడు. బస్టాండు గురించి, అక్కడ పుస్తకాలు గుండెకు అదుముకుని నిలబడే పిల్లల గురించి చెబుతుంటే వెనక బెంచీల్లో కబుర్లు ఆగిపోయాయి. మంత్రి లేచి, సరిగ్గా రాజగోపాల్ చెప్పినట్టే, రూల్స్ చదివాడు. నంజప్ప మెడమీద నరం లేచింది. నేర్చుకున్న నెప ఎటో ఎగిరిపోయింది.

“ఇదు సాకు! బరీ సాకు!” అని బల్ల గుద్దాడు.

ఇదంతా ఉత్త సాకు అన్నానని ఆయన అనుకున్నాడు. ఆయన తాలూకా మొత్తం అలాగే అనుకునేది. సభకు మాత్రం కన్నడం మాటే వినబడింది, ఇది చాలు అని. మంత్రి ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే చేతులు జోడించాడు. తన జవాబు చాలునని సభ్యులే ఒప్పుకున్నారు, ధన్యవాదాలు అన్నాడు. స్పీకరు తర్వాతి పేరు పిలిచాడు. నంజప్ప మళ్ళీ లేచేసరికి మైకు ఆగిపోయింది.

కార్లో ఎక్కాక పేలాడు. “కన్నడం నేర్పేదానికి నిన్ను పెట్టుకుంటే ఇదా నేర్పింది?”

“ఆ మాట నేను నేర్పలేదు సార్.”

“అదే అడగతాండా! ఎందుకు నేర్పలేదు?”

కాటన్‌పేట తెలుగులో చాలు అనరు, పుట్టినప్పటినుంచీ సాకే అంటారు. ఆ మాటకు ఇంకో అర్థం ఉన్నట్టే రాజగోపాల్‌కి తోచలేదు. రాని మాటలన్నీ నేర్పాడు, వచ్చిన మాటను వదిలేశాడు.

సాయంత్రానికి నంజప్ప బల్ల గుద్దే వీడియో డప్పు మ్యూజిక్‌తో ఊళ్ళన్నీ తిరిగింది. శైలజ ఫోన్ చేసింది. ఈసారి దులపలేదు. అది మరీ కష్టంగా ఉంది.

“మీ సారు సాకన్నాడంట కదన్నా. మా ఆయన కూడా సాకంటాండాడు. హర్షిత చదివింది సాకంట. షాపొక సాకు దొరికింది ఆయనకు, అంతే.”

ఆ చివరి రెండు సాకులూ రాజగోపాల్ చెవిలో ఒకదానికొకటి తగిలి ఖంగుమన్నాయి. చెప్పులు వేసుకుని నేరుగా నంజప్ప గదికి నడిచాడు.

“రేపు వివరణకు టైమడగండి సార్. మళ్ళా అదే మాటనండి.”

“బుద్ధుండాదా నీకు?”

“ఒకసారి కాదు సార్, రెండుసార్లు.”

నంజప్పకు విషయం అర్థమయ్యాక గదిలో ఆ రోజు మొదటిసారి నవ్వు వినబడింది.

మర్నాడు వివరణకు అనుమతి దొరికింది. “నిన్న నేను సాకన్నాను,” అని నంజప్ప నింపాదిగా కన్నడంలో మొదలుపెట్టాడు. “మా ఇంటి తెలుగులో సాకంటే తప్పించుకునే మాట. ఈ సభలో సాకంటే ముగించమని. మంత్రిగారికి ఇంటి మాటా సభ మాటా కలిపి చెబుతున్నా. మీ సాకులు సాకు!”

ఎదుటి పక్షం వాళ్ళు కూడా బల్లలు చరిచారు. మంత్రి ఆపుకోలేక నవ్వేశాడు. నవ్విన మొహంతో మళ్ళీ రూల్స్ చదవలేక, బస్టాండు దగ్గర షాపు తెరవనివ్వనని, ఊరవతల చూస్తామని చెప్పి కూర్చున్నాడు. “ఊరవతల కూడా వద్దు!” అని నంజప్ప లేచాడు గానీ, మైకు మళ్ళీ ఆగిపోయింది.

షాపు హైవే అవతలికి పోయింది. నంజప్పకు అది సగం ఓటమి. ఆవులు ఇంకా ఆగే ఉన్నాయి. హర్షిత మాత్రం బస్సెక్కింది. జీన్స్ వేసుకునే ఎక్కిందని, ఆ సంగతి మీ సారుకు చెప్పొద్దని శైలజ ఫోన్ చేసింది.

రాజగోపాల్ ఇక ఆ మాట జోలికే పోకూడదనుకున్నాడు. క్యాంటీన్లో శరణప్ప సాంబారు పోస్తుంటే, మంచి తెలుగులో, “చాలు, చాలు,” అన్నాడు. శరణప్పది కలబురగి వైపు. అక్కడి కన్నడంలో చాలు అంటే ఆపమని కాదు, కానివ్వమని. సంతోషంగా ఇంకో గరిటె పోశాడు. “చాలు!” అని రాజగోపాల్ గట్టిగా అంటే ఇంకోటి పోశాడు. సాంబారు ప్లేటు దాటి ప్యాంటు మీదికి వచ్చింది.

“సాకు!” అని అరిచాడు రాజగోపాల్.

ఎదురుగా నంజప్ప ఇడ్లీ మీదనుంచి తల ఎత్తకుండానే అడిగాడు. “ఏ సాకప్పా, ఇంటిదా సభదా?”