పావురం మాట్లాడేదాకా పులి ఆగాలి

నడుస్తున్న ఆఫీసును ఒక మనిషి, ఎవరి సాయమూ లేకుండా, కేవలం రెండు రోజుల శిక్షణతో మూతపడే అంచుకు ఎలా తేగలడో చెబుతాను. తెలివితక్కువ పని అనకండి. నిండా తెలివితోనే చేశాను. అదే వచ్చిన చిక్కు.

రెండువేల దశకం నడిమధ్యలో ఢిల్లీలో ఒక తెలుగు దినపత్రికకు నేను బ్యూరో చీఫ్‌ని. సాకేత్‌లో రెండు గదుల ఆఫీసు, ముగ్గురు విలేకరులు. కడప ఓబులరెడ్డి హోటల్లో ఉప్పు అడిగినా, గొడవ మొదలైందనుకుని పక్క టేబుల్ వాళ్లు లేచి నిలబడతారు. భీమవరం శారద రెండు చేతులూ గాల్లో తిప్పకుండా ఒక్క వాక్యం పూర్తి చేయలేదు. కరీంనగర్ యాదగిరి మునిర్కాలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. మీటింగులో గోడకు ఆనుకుని గోడలాగే కూర్చునేవాడు. పొద్దున జరిగే మా మీటింగు, రైలు కదిలే ముందు జనరల్ బోగీలా ఉండేది.

అలాంటి రోజుల్లో హైదరాబాద్ నుంచి కబురు. ఢిల్లీ ఆఫీసు ఖర్చుకు తగ్గ వార్తలు రావడం లేదట. ఎడిటర్ గారే స్వయంగా వచ్చి మా మీటింగులో కూర్చుంటారట. ఆ తర్వాత బ్యూరో ఉంచాలా, ఎత్తేయాలా అన్నది తేలుస్తారట. ముగ్గురి ఉద్యోగాలూ, నాదీ, ఆ ఒక్క మీటింగు మీద వేలాడుతున్నాయి.

నా మిత్రుడొకడు గుర్గావ్‌లోని ఓ కంపెనీలో మానవ వనరుల విభాగంలో ఉండేవాడు. నా బాధ విని, వాళ్ల సిబ్బందికి పెట్టిన రెండు రోజుల శిక్షణలో నన్నూ కూర్చోబెట్టాడు. అక్కడ తేలిందేమిటంటే, లోకంలో మనుషులు నాలుగే రకాలు. పులి ఆజ్ఞాపిస్తుంది. నెమలికి మెప్పు కావాలి. పావురం బెదురుతుంది. గుడ్లగూబ ఆలోచించి, అందరి మాటా విని, తూచి పలుకుతుంది. ఎవరితో ఎలా మాట్లాడాలో తెలిస్తే మీటింగు నందనవనమే.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా శిక్షణ పొందినవాడు మనుషుల్నే ఎరగడు. మర్నాడే అట్టముక్కల మీద బొమ్మలు వేయించి బల్ల మీద నిలబెట్టాను. ఓబులరెడ్డి పులి. శారద నెమలి. యాదగిరి పావురం. మిగిలిన గుడ్లగూబ ఎవరో మీరు ఊహించే ఉంటారు.

నియమాలూ నేనే రాశాను. పావురం మాట్లాడేదాకా పులి నోరు తెరవకూడదు. పావురాన్ని నలుగురిలో ప్రశ్నలు వేసి బెదరగొట్టకూడదు. నెమలిని ముందు మెచ్చుకుని ఆ తర్వాతే పని చెప్పాలి. ఇందులోని లొసుగు మీకు వెంటనే కనబడి ఉంటుంది. మీరు శిక్షణకు వెళ్లలేదు కదా.

ఆ వారమంతా శారదను పొగిడాను. రాసిన వార్తను పొగిడాను, రాయబోయే వార్తను పొగిడాను. మూడోరోజు ఆమె తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"సార్, నిజం చెప్పేయండి. తీసేసేది నన్నేనాండీ?"

"అదేం మాట? నువ్వు మా ఆణిముత్యానివి."

"అయితే నన్నే," అంటూ కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఆఫీసు మాత్రం ప్రశాంతంగా ఉంది. ఓబులరెడ్డి గొంతు వినబడటం లేదు. శాస్త్రం పనిచేస్తోందని మురిసిపోయాను.

సోమవారం ఎడిటర్ గారు వచ్చారు. ఆయన నాకన్నా పెద్దవారు, కోపం వస్తే మరీ మెల్లగా మాట్లాడే మనిషి. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను స్వాగతం, ఉపోద్ఘాతం, జట్టుగా పనిచేయడంలోని గొప్పదనం అన్నీ చెప్పి అరగంట తర్వాత ఆగాను.

"సరే. రేపటికి ఏముంది?" అన్నారాయన.

ఎవరూ పలకలేదు. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అంటారు. రెండోది నాకు స్వానుభవమే. మొదటిది మాత్రం ఆ ఉదయం అబద్ధమని తేలింది.

"ఏమయ్యా, నువ్వు చెప్పు," అన్నారు ఓబులరెడ్డిని చూసి.

"నేను పులి సార్. పావురం మాట్లాడేదంకా నోరు తెరవగూడదని చెప్పినారు."

ఎడిటర్ గారు యాదగిరి వైపు తిరిగారు.

"నేను పావురాన్ని సార్. నన్ను ఎవ్వరూ అడగొద్దని సారే రూల్ పెట్టిండు."

ఆయన శారదను చూశారు. ఆమె నన్ను చూసింది.

"ముందు మెచ్చుకోవాలండీ," అంది నీరసంగా. "అలవాటైపోయింది."

ఎడిటర్ గారు నా ముందున్న అట్టను వేలితో తిప్పి చూశారు. గొంతు బాగా తగ్గింది. "ఇక్కడ మూర్ఖుణ్ణి ఉల్లూ, అంటే గుడ్లగూబ అంటారు కదా, ఢిల్లీలో ఉంటూ నీ ముందు నువ్వే ఆ బొమ్మ పెట్టుకున్నావా? ఏమిటి దీని గుణం?"

"అందరి మాటా వింటుందండి," అన్నాను.

అంతే. ఓబులరెడ్డి వారం రోజులుగా బిగబట్టిన నవ్వు కట్ట తెగింది. "ఈయన వింటాడంట సార్!" శారద చేతులు గాల్లోకి లేచాయి. ముగ్గురూ ఒకేసారి మొదలెట్టారు. ఆ గోలలో యాదగిరి గొంతు అందరికన్నా పైకి వచ్చింది.

"మూడు రోజుల సంది చెప్పాల్నని చూస్తున్న సార్. మునిర్కాల మన పోరగాండ్లు సివిల్స్‌కు చదువుకునే గదులకు మున్సిపాలిటోళ్లు నోటీసులు అంటించిన్రు. ఖాళీ చెయ్యాల్నంట. పరీక్ష నెత్తిమీద ఉంది."

"ఆ ఆఫీసరు నాకు తెలుసప్పా. ఇప్పుడే పోతా," అని పులి లేచింది. తన కింది వాటాలో ఉండే ఆంటీకి అక్కడ ఇళ్లున్నాయని, యజమానుల వాదన తాను రాబడతానని శారద ఫోను అందుకుంది. జనరల్ బోగీ కదిలింది. మర్నాడు ఆ వార్త మొదటి పేజీలో వచ్చింది. పరీక్ష అయ్యేదాకా గదుల జోలికి రాబోమని అధికారులు ఒప్పుకున్నారు.

తర్వాత నిదానంగా ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకున్నాను. ఓబులరెడ్డి అరిస్తే కులాసాగా ఉన్నట్టు. గొంతు తగ్గితేనే కంగారు పడాలి. శారదకు మెప్పు పనయ్యాక కావాలి. యాదగిరికి బెదురు లేదు. ఒకరు మొదలుపెట్టి, ఆపైన తనను అడిగితే చాలు. ఇదంతా తెలిశాక మా మీటింగులు పావుగంటలో ముగిసి వార్తలతో లేచేవి. మనుషుల తీరు తెలుసుకోవాలన్న ఆ శాస్త్రం అబద్ధం కాదు. వాళ్లను అడగకుండానే తెలిసిపోయిందనుకున్నాను చూడండి, తప్పు అక్కడుంది.

ఆ వార్త వచ్చిన రోజే తిరిగి వెళ్తూ ఎడిటర్ గారు, సాగనంపడానికి వచ్చిన ముగ్గురి ముందే, కారు దగ్గర నా భుజం మీద చెయ్యి వేశారు. "బ్యూరో ఉంటుంది. ఒక్క షరతు. మీటింగులో నువ్వు చివర మాట్లాడు. మొదటి అరగంట నువ్వే మాట్లాడితే పులులు కూడా పావురాలైపోతాయయ్యా."

మర్నాడు మీటింగులో లేచి నిలబడి గంభీరంగా ప్రమాణం మొదలుపెట్టాను. "ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఇకపై ఏ మనిషికీ అతని అనుమతి లేకుండా తోక గానీ, రెక్కలు గానీ, ముక్కు గానీ తగిలించనని..."

"సార్," అన్నాడు యాదగిరి గోడకు ఆనుకునే. "మీ వంతు ఆఖర్ల."