నాలుక గీసుకోని రెండు రోజులు

అమెరికా వెళ్లి, సన్నీవేల్‌లో మా చెల్లెలు మాధవి ఇంట్లో ఉన్న నెలంతా నాకు గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు. పడుకుంటే చాలు, గొంతుదాకా ఎగదన్నేది.

"విజిటర్ ఇన్సూరెన్స్‌లో ఇది కవర్ కాదక్కా. ఒకసారి చైనీస్ డాక్టర్‌ని ట్రై చేద్దాం," అంది మాధవి. సీసాల నిండా ఎండు బెరళ్లు పెట్టుకు కూర్చునేవాళ్లు నా కడుపు బాగుచేస్తారట!

ఆ డాక్టరమ్మ నా కడుపు ముట్టుకోనైనా లేదు. నాలుక చాపమంది. చాపగానే ముఖం చిట్లించింది.

"గీసుకున్నారా?"

"రోజూ గీసుకుంటాను," అన్నాను గర్వంగా.

"నాలుక మీది పూత చూసే మేం జబ్బు చెప్తాం. అదంతా తుడిచేసి వచ్చారు. రెండు రోజులు గీసుకోకుండా రండి."

పాచి నాలుకతో రమ్మనే వైద్యం ఎక్కడైనా ఉందా? నాలుక గీసుకోనిదే కాఫీ ముట్టనని చెప్పి చూశాను. అయినా మంట భరించలేక ఒప్పుకున్నాను.

మూడోరోజు పొద్దున్నే వెళ్లి చాపాను. ఆవిడ లైటు వేసి చూసింది.

"ఇదంతా కాఫీ రంగు. ఇవాళ ఎన్ని తాగారు?"

"మూడే."

"పరగడుపునా?"

"మొదటిది పరగడుపునే కదా తాగేది!"

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "గీసుకోవడం మానగలిగారు, కాఫీ మానలేకపోయారు. ముందు అది మానండి. మందు సంగతి తర్వాత చూద్దాం."

మందివ్వకుండా పంపేదీ ఒక డాక్టరేనా? కారెక్కగానే మాధవితో అన్నాను: "చూశావా, ఏమీ తెలీదావిడకి. నా తల పగిలిపోతోంది. దార్లో ఎక్కడైనా కాఫీకి ఆపవే."